కాలువ గట్టు నుంచి డ్రోన్ సిటీ దాకా

సీమ పట్టణాల చరిత్ర – 17వ భాగం

(జరిగిన కథ: నిజాం 1800లో ఇంగ్లీషువాళ్లకు ధారాదత్తం చేసిన జిల్లాలు దత్త మండలాలుగా ఎలా నలిగాయో, 1928 నంద్యాల సభలో రాయలసీమ అనే పేరుతో ఎలా తలెత్తాయో గత భాగాల్లో చూశాం. ఈ భాగంలో కర్నూలును కడపను కలుపుతూ గీసిన పెద్ద ప్రణాళికల కథ.)

2025 అక్టోబరు 16న కర్నూలులో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ రెండు పారిశ్రామిక ప్రాంతాలకు శంకుస్థాపన చేశారు. ఒకటి కర్నూలు జిల్లా ఓర్వకల్లు, రెండోది కడప జిల్లా కొప్పర్తి. రెండింటికీ కలిపి ఖర్చు 4,920 కోట్ల రూపాయలకు పైమాట. సుమారు 21,000 కోట్ల పెట్టుబడులు, లక్ష ఉద్యోగాలు వస్తాయని అంచనా. ఈ రెండూ కేవలం ఫ్యాక్టరీల వాడలు కావని ప్రభుత్వాలు చెబుతున్నాయి. కరెంటు, నీళ్లు, రోడ్డు, మురుగుకాలువ ముందే సిద్ధం చేసి స్థలం అప్పగిస్తారు. పని చేసేచోటికి ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దగ్గరలో నివాసాలు, బడి, ఆసుపత్రి, అంగడి ఉండేలా పట్టణాన్ని గీస్తారు. దీన్నే వాక్ టు వర్క్ అంటున్నారు.

సీమకు ఇది సరికొత్త సంగతిగా కనిపిస్తుంది. కానీ పనినీ బతుకునీ ఒకచోట చేర్చాలన్న ప్రయత్నం ఇక్కడ ఎనభై ఏళ్ల కిందటే జరిగింది. బయటి నుంచి వచ్చిన పెద్ద పథకం ఈ నేలను మార్చేస్తుందన్న ఆశ దానికన్నా పాతది. నూట అరవై ఏళ్ల చరిత్రలో కొన్ని పథకాలు నిలిచాయి, కొన్ని మూటాముల్లె సర్దుకున్నాయి. ఏది ఎందుకు నిలిచిందో తెలుసుకుంటే ఓర్వకల్లునూ కొప్పర్తినీ ఏమని అడగాలో మనకు తెలుస్తుంది.

కంపెనీ తవ్విన కాలువ

తుంగభద్ర మీద, కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర మొదలై, కర్నూలులో హంద్రీ నదిని అక్విడక్టు మీదుగా దాటి, మిట్టకందాల మిట్టను కోసుకుని కుందూ లోయలోకి దిగి, పెన్నా దాటి కడప చేరే కాలువ ఒకటుంది. దాని పొడవు 306 కిలోమీటర్లు. కర్నూలు–కడప కాలువ, జనం నోట కేసీ కెనాల్. ఒక నదీ పరీవాహకంలోని నీటిని ఇంకో పరీవాహకానికి మళ్లించిన ఈ పని 1863 నుంచి 1870 దాకా సాగింది.

దాన్ని తవ్వింది సర్కారు కాదు. 1858లో ఇంగ్లండులో పుట్టిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. పది లక్షల పౌన్ల పెట్టుబడికి ఏటా 5 శాతం వడ్డీ గ్యారంటీగా ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. లాభం వచ్చినా రాకపోయినా వాటాదారుకు వడ్డీ అందేది, ఆ భారం చివరికి ఈ దేశపు పన్నుల మీదే పడేది. సర్ ఆర్థర్ కాటన్ వంటివాళ్లకు రైళ్లకన్నా జలమార్గాలే ఈ దేశానికి మేలు చేస్తాయన్న గట్టి నమ్మకం ఉండేది. అందుకే కేసీ కాలువను రెండు పనులకు గీశారు: పొలాలకు నీరు, పడవలకు దారి. తూర్పు కోస్తా దాకా జలమార్గాలు అల్లాలన్నది మొదటి కల. చేతికి వచ్చింది సుంకేసుల–కడప ముక్క ఒక్కటే.

లెక్క రెండు చోట్లా తప్పింది. కాలువ పూర్తయ్యే వేళకే మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా రాయచూరుకు రైలు దారి పడింది. 1871 నాటికి సరుకు రైలెక్కింది. పొలాల సంగతి ఇంకా లోతైనది. కుందూ లోయలో ఉన్నది నల్లరేగడి. ఒక మంచి వాన పడితే ఆ తేమ మీదే జొన్న, కొర్ర, పత్తి పండించుకునే నేల అది. అక్కడి రైతును అడగకుండా, నీళ్లు వదిలితే తీరువా కడతాడులే అనుకుని కంపెనీ రాబడి లెక్క వేసింది. నీటితీరువా కట్టి, మడి చేసి, వరి వేయడానికి రైతు ముందుకు రాలేదు. 1876–78లో ధాత కరువు విరుచుకుపడినప్పుడు కాలువ నీటికోసం ఎగబడినవాళ్లే, వానలు తిరిగి పడగానే మెట్టపంటకు మళ్లిపోయారు. చివరికి 1882లో ప్రభుత్వమే కంపెనీ నుంచి కాలువను కొనేసింది.

అయితే కథ అక్కడ ముగిసిపోలేదు. కంపెనీ పోయింది, పడవలూ పోయాయి, కాలువ మిగిలింది. తరాలు గడిచేకొద్దీ రైతు తన పద్ధతిలో, తన అవసరం మేరకు దాన్ని సొంతం చేసుకున్నాడు. ఈ రోజు కేసీ ఆయకట్టు రెండున్నర లక్షల ఎకరాలకు పైన ఉంది. కృష్ణా జలాల ట్రిబ్యునల్ దానికి 39.9 టీఎంసీలు కేటాయించింది. కర్నూలు సోనా అని రాష్ట్రమంతా అడిగి కొనే సన్నబియ్యం వెనక ఈ కాలువ ఉంది. వాటాదారుల కోసం గీసిన పథకం ఇరవై ఏళ్లలో కూలింది. రైతు చేతికి అందాక అదే కాలువ నూట నలభై ఏళ్లుగా పారుతోంది.

ఎమ్మిగనూరు మగ్గాలు

రెండో ఘట్టం ఈ నేల మనుషులే కట్టుకున్నది. పశ్చిమ కర్నూలులోని ఎమ్మిగనూరు నేతగాళ్ల ఊరు. 1930లలో అక్కడి నేతపనివాడు నూలుకోసం షావుకారు దగ్గరికే పోవాలి, నేసిన బట్ట షావుకారుకే అమ్మాలి. ధర రెండు చోట్లా అవతలివాడే చెప్పేవాడు. 1938లో మాచాని సోమప్ప నాయకత్వంలో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం పుట్టింది. నూలు సంఘం ఇస్తుంది, మజూరీ సంఘం కడుతుంది, బట్ట సంఘం అమ్ముతుంది, లాభంలో సభ్యుడికి వాటా ఉంటుంది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో ఇది చేనేత సహకారానికి దేశంలోనే చెప్పుకోదగ్గ పేరయింది. సోమప్పకు 1954లో పద్మశ్రీ వచ్చింది.

నేతగాడి ఇంటిని కాస్త చూద్దాం. ముందుగదిలో గుంతమగ్గం. పక్కన రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టే ముసలమ్మ. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు సాగదీసి గంజి పెట్టే ఇరుగుపొరుగు. అదే వీధిలో రంగులవాడు, అచ్చులు కట్టేవాడు, కిరాణా అంగడి, పిల్లల బడి. ఆడవాళ్లు వంటింటికీ మగ్గానికీ మధ్య తిరుగుతూ రెండు పనులూ చక్కబెట్టేవాళ్లు. పనికోసం ఎవరూ ఊరు దాటనక్కర్లేదు. ఇవాళ పట్టణ ప్రణాళికల్లో మిశ్రమ వినియోగం అని రాసుకుంటున్నది నేతపేటల్లో రోజువారీ బతుకు. ఎమ్మిగనూరులో ఇప్పటికీ వీవర్స్ కాలనీ ఉంది, సంఘం పేరుతో మైదానం ఉంది.

తర్వాతి దశాబ్దాల్లో మిల్లుల, మరమగ్గాల పోటీ, నూలు ధరలు మగ్గాలను బాగా తగ్గించాయి. ఆ దెబ్బ నిజం. కానీ ఇల్లూ పనీ ఒకచోట ఉంచి, లాభంలో వాటా పనివాడికే ఇచ్చిన ఏర్పాటు ఎన్నో కరువుల్లో ఒక ఊరిని వలస పోకుండా పట్టి నిలిపింది. సీమలో పారిశ్రామిక పట్టణాన్ని గీసేవాళ్లు మొదట చదవాల్సిన పాఠం ఎమ్మిగనూరుదే.

గుడారాల రాజధాని

మూడోది 1953. పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం తర్వాత ఆంధ్ర రాష్ట్రం ఖాయమైంది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టు ఈ రెండింటిలో రాయలసీమ కోరుకున్నది రాయలసీమకు దక్కాలి. రాజధాని కర్నూలుకు వచ్చింది. 1953 అక్టోబరు 1న జవహర్‌లాల్ నెహ్రూ కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించారు. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైంది.

అప్పటి కర్నూలు చిన్న జిల్లా కేంద్రం. మద్రాసు నుంచి తరలివచ్చిన సచివాలయానికి చాలినన్ని కట్టడాలు లేవు. దొరికిన పాత భవనాల్లో కొన్ని కార్యాలయాలు సర్దుకున్నాయి. మిగతావి గుడారాల్లో నడిచాయి, ఉద్యోగులు గుడారాల్లోనే కాపురాలు పెట్టారు. ఎండాకాలం కర్నూలులో కాన్వాసు గుడ్డ కింద ఫైళ్లు రాసినవాళ్ల కష్టం ఆ తరం జ్ఞాపకాల్లో నిలిచిపోయింది.

మూడేళ్లు తిరిగాయో లేదో, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. గుడారాలు మడిచారు. తాత్కాలికం అనుకున్నచోట ఎవరూ శాశ్వతమైన ఇల్లు కట్టరు, వ్యాపారి పెట్టుబడి పెట్టడు. రాజధాని అనేది కార్యాలయాల గుంపుగానే వచ్చింది, అలాగే పోయింది. చదువు మాత్రం మిగిలింది. ఆ రోజుల్లోనే మొదలైన కర్నూలు వైద్య కళాశాల ఈ డెబ్బై ఏళ్లలో జిల్లాలు దాటి, తెలంగాణ, కర్ణాటక సరిహద్దు పల్లెల నుంచీ రోగుల్ని రప్పించుకుంటోంది. దాని చుట్టూ మందుల అంగళ్లు, నర్సింగ్ హోములు, అద్దె గదులు, టిఫిన్ సెంటర్లు పెరిగి కర్నూలుకు కొత్త ఊపిరి పోశాయి.

ప్రపంచం దిద్దుకున్న తప్పు

ఇంచుమించు అదే కాలంలో, 1959లో, అమెరికాలోని నార్త్ కరోలినాలో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ మొదలైంది. మూడు పెద్ద విశ్వవిద్యాలయాల మధ్య, పైన్ అడవిలో, సుమారు 7,000 ఎకరాలు. పరిశోధనకు, పనికి మాత్రమే చోటు. నివాసాలకు అనుమతి లేదు. 1965లో ఐబీఎం వచ్చింది, తర్వాత వందల సంస్థలు వచ్చాయి. పొగాకు, నేతమిల్లుల మీద బతికే రాష్ట్రం సాంకేతిక రాష్ట్రంగా మారింది. అక్కడి క్యారీ, మోరిస్‌విల్ ఊళ్లలో తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి.

అర్ధశతాబ్దం గడిచాక దాని లోటు బయటపడింది. సాయంత్రం అయిదు దాటితే మనిషి కనిపించని వేల ఎకరాలవి. కాఫీకైనా కారెక్కాలి. యువ పరిశోధకులు వీధులూ దుకాణాలూ ఉన్న ఊళ్లవైపు మొగ్గారు. దాంతో 2010ల నుంచి నిబంధనలు సడలించి, పార్కు నడిబొడ్డున హబ్ ఆర్‌టీపీ పేరుతో ఇళ్లు, అంగళ్లు, కార్యాలయాలు కలిపి కడుతున్నారు. స్పెయిన్‌లోని బార్సిలోనా 2000లో ఇంకో దారి చూపింది. పొబ్లెనౌ అనే పాత నేతమిల్లుల పేటలో దాదాపు 200 హెక్టార్లను 22@ పేరుతో పునర్నిర్మించేటప్పుడు, ఎక్కువ అంతస్తులకు అనుమతి పొందిన భూయజమాని 30 శాతం నేలను పార్కులకు, సామాన్యుల ఇళ్లకు, కొత్త సంస్థలకు వదలాలని షరతు పెట్టింది.

మన హైదరాబాదు అనుభవమూ ఇదే చెబుతుంది. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో తెరుచుకుంది. హైటెక్ సిటీకి మెట్రో రైలు చేరింది 2019లో. ఆ ఇరవై ఏళ్లూ ముందు ఆఫీసులు, తర్వాత అపార్టుమెంట్లు, ఆఖరికి రోడ్లు అన్న వరసలో నగరం పెరిగింది. ఆ వరస తలకిందులుగా ఉండటానికి మూల్యం రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఉద్యోగి కట్టాడు. గేటు బయట గుడిసెల్లో, ఇరుకు గదుల్లో సర్దుకున్న కాపలాదారు, పాచిపని మనిషి అంతకన్నా ఎక్కువ కట్టారు.

ఓర్వకల్లు: రాతి నేల మీద కొత్త వాడ

ఇప్పుడు కర్నూలు నుంచి నంద్యాల వైపు 40వ జాతీయ రహదారి మీద వెళ్దాం. ఆ రోడ్డు కేసీ కాలువలాగే కర్నూలును కడపను కలుపుతుంది. నగరం దాటి కొంత దూరం వెళ్తే వింత ఆకారాల రాళ్ల మధ్య ఓర్వకల్లు. నీళ్లు అరుదు, ఎండ పుష్కలం. కొంతకాలంగా ఆ ఎండే ఈ ప్రాంతానికి ఆస్తి అయింది. గని, శకునాల గ్రామాల పరిధిలో సుమారు 5,900 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పనిచేయడం మొదలుపెట్టింది. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి విమానాలు ఎగిరాయి. దానికి తెల్లదొరలను ఎదిరించి ఉరికంబం ఎక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 పారిశ్రామిక నగరాలకు 28,602 కోట్లు మంజూరు చేసినప్పుడు అందులో రెండు సీమకు దక్కాయి. హైదరాబాద్–బెంగళూరు కారిడార్‌లో ఓర్వకల్లు: 2,621 ఎకరాలు, 2,786 కోట్లు. విశాఖ–చెన్నై కారిడార్‌లో కొప్పర్తి: 2,596 ఎకరాలు, 2,137 కోట్లు. ఓర్వకల్లులోనే 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ కట్టాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. కర్నూలు అంచున జగన్నాథగట్టు మీద 2015లో మంజూరైన ట్రిపుల్ ఐటీ డీఎం ఉంది. రాయలసీమ విశ్వవిద్యాలయమూ దగ్గరే. చదువు, కరెంటు, విమానం, రహదారి: ఒక సాంకేతిక నగరానికి కావలసిన నాలుగూ ఒక చుట్టుకొలతలోకి వచ్చాయి.

అయిదోదీ ఉంది, దాన్ని మాస్టర్ ప్లాన్ పటాల్లో గుర్తించరు. 1990లలో ఐక్యరాజ్యసమితి సాయంతో సాగిన పేదరిక నిర్మూలన కార్యక్రమం కాలంలో ఓర్వకల్లు మండలపు ఆడవాళ్లు రూపాయి రూపాయి కూడబెట్టి పొదుపు సంఘాలు కట్టారు. అవన్నీ కలిసి పొదుపులక్ష్మి ఐక్య సంఘమయ్యాయి. అప్పులిచ్చారు, బడి మానిన పిల్లల్ని బడికి పంపారు, బాలభారతి పేరుతో సొంత పాఠశాల కట్టుకున్నారు. బయటి రాష్ట్రాల నుంచి జనం వచ్చి వీళ్ల దగ్గర నేర్చుకున్నారు. ఓర్వకల్లుకు ఆవిష్కరణ నేర్పాల్సిన పని లేదు. ఈ ఆడవాళ్లకు కొత్త వాడలో చోటిస్తే చాలు: క్యాంటీన్లు, పిల్లల సంరక్షణ కేంద్రాలు, అద్దె వసతి గృహాలు నడపగల సంస్థ గేటు పక్కనే సిద్ధంగా ఉంది.

కొప్పర్తి: శిలాఫలకాల జిల్లాలో

కడప జిల్లాకు శంకుస్థాపనల అలవాటు చాలా ఉంది. జమ్మలమడుగు చుట్టుపక్కల ఉక్కు ఫ్యాక్టరీ కోసం 2007, 2018, 2019, 2023లలో, వేర్వేరు ప్రభుత్వాల హయాంలో, పూజలు జరిగాయి. భూమి ఇచ్చిన పల్లెల్లో ఒక తరం పిల్లలు ఉద్యోగం వస్తుందని చదివి, వయసు దాటి, వేరే దారులు చూసుకున్నారు. కొప్పర్తి గురించి మాట్లాడేటప్పుడు ఆ నిరాశను గౌరవించాలి.

అయితే కొప్పర్తిలో కొంత పని కంటికి కనిపిస్తోంది. 540 ఎకరాల్లో ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్ 2021 డిసెంబరులో ప్రారంభమైంది, అక్కడ సీసీటీవీ కెమెరాలు తయారవుతున్నాయి. ఇలాంటి ఫ్యాక్టరీల వరసల్లో కూర్చుని చిన్న చిన్న భాగాలు అమర్చే పనిలో ఆడపిల్లలు ఎక్కువగా చేరతారు. ఇంటర్, ఐటీఐ, డిగ్రీ చదివి పల్లెలోనే ఉండిపోతున్న అమ్మాయికి నెలజీతం అన్నది ఇంట్లో ఆమె మాటకు బరువు తెస్తుంది. ఆ జీతం నిలవాలంటే రాత్రి షిఫ్టు ముగిశాక భయం లేకుండా చేరుకునే గది, వెలుతురున్న వీధి, వేళకు వచ్చే బస్సు ఉండాలి. నివాసం దగ్గర ఉండాలన్న మాటకు అసలు అర్థం ఆమె దగ్గర తేలుతుంది.

నీళ్లు, గది, ఓటు

ఈ రెండు జిల్లాల్లో పనికోసం కదిలే దారులు రెండు. పశ్చిమ కర్నూలు పల్లెల నుంచి, కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి, పంట చేతికి రాని ఏడాది కుటుంబాలు సుగ్గికి, అంటే కూలిపనుల వలసకు, పోతాయి. గుంటూరు మిరప చేలకు, పత్తి చేలకు లారీలెక్కి వెళ్తారు. తాళం వేసిన ఇళ్లు, హాజరు పడిపోయిన బడులు వెనక మిగులుతాయి. ఉమ్మడి కడప జిల్లా రాజంపేట, రాయచోటి వైపు నుంచి దారి కువైట్‌కు పోతుంది. లక్ష ఉద్యోగాలన్న మాటను ఈ రెండు దారుల మీద పెట్టి తూచాలి. కోసిగి తల్లి సుగ్గికి పోకుండా ఆగిందా, రాయచోటి కుర్రాడు వీసా ఏజెంటు దగ్గరికి వెళ్లకుండా ఆగాడా అన్నదే ఈ పథకానికి అసలు పరీక్ష.

ఆ పరీక్ష నెగ్గాలంటే మూడు సంగతులు ముందు తేలాలి.

మొదటిది నీళ్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన నేల ఇది. ఓర్వకల్లుకు శ్రీశైలం వెనుక జలాల నుంచి, ముచ్చుమర్రి వైపు నుంచి పైపులైను ద్వారా నీరు తేవాలన్నది ఏర్పాటు. ఆ పైపు దారిలోని ప్రతి పల్లె కుళాయికీ నీళ్లు రావాలి. ఊరి బిందె ఎండిపోయి, ప్రహరీ లోపల పచ్చిక పెరిగితే ఆ పరిశ్రమకు ఊరి దీవెన ఉండదు. వాడిన నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడటం తొలి రోజు నుంచే తప్పనిసరి కావాలి.

రెండోది గది. ఇంజనీరు కొనే ఫ్లాటుతో నివాసం ప్రశ్న తీరదు. నెలజీతంలో అయిదో వంతుకు మించకుండా అద్దె పడే గదులు, ఆడపిల్లల హాస్టళ్లు, భార్యాభర్తలిద్దరూ పనిచేసే ఇంటికి పిల్లల కేంద్రం ఫ్యాక్టరీ షెడ్డుతో పాటే లేవాలి. బార్సిలోనా భూయజమాని నుంచి 30 శాతం అడిగి తీసుకుంది. ప్రజల భూమిని చవకగా అందుకునే కంపెనీని ఇక్కడ అంతకన్నా తక్కువ అడగడం న్యాయం కాదు.

మూడోది ఓటు. దీన్ని గురించి చర్చ తక్కువ. రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ వాడల్లో పన్నుల వసూలు, పారిశుధ్యం, కట్టడాల అనుమతులు ఐలా అనే ప్రత్యేక స్థానిక అధికార సంస్థ చేతిలో ఉంటాయి. అందులో అధికారులు, పరిశ్రమల ప్రతినిధులు కూర్చుంటారు. ఫ్యాక్టరీలు మాత్రమే ఉన్న వాడకు ఆ పద్ధతి సరిపోవచ్చు. వేల కుటుంబాలు కాపురముండే పట్టణానికి అది చాలదు. కుళాయి రాకపోతే, వీధి దీపం వెలగకపోతే, అక్కడ అద్దెకుండే కార్మికురాలు ఎవరిని నిలదీయాలి? మనుషులు నివసించే చోట ఎన్నికైన వార్డు సభ్యుడు ఉండాలి. పక్క పల్లెల సర్పంచులకూ, పొదుపు సంఘాలకూ ఆ పాలకవర్గంలో కుర్చీ ఉండాలి.

కాలువను రైతు తనదిగా చేసుకున్నాక అది నిలిచింది. సహకార సంఘంలో నేతగాడు సభ్యుడు కాబట్టి ఎమ్మిగనూరు అన్నేళ్లు తట్టుకుంది. గుడారాల రాజధానిలో కర్నూలువాళ్లకు వాటా లేదు, అందుకే దాన్ని మూడేళ్లలో ఎత్తుకుపోవడం ఎవరికీ కష్టం కాలేదు. ఓర్వకల్లు, కొప్పర్తి కొత్త పట్టణాలుగా బతకాలంటే సీమ మనిషి అక్కడ కూలీగా గేటు దాటితే సరిపోదు. ఇల్లున్నవాడుగా, ఓటున్నవాడుగా, వాటా ఉన్నవాడుగా లోపల ఉండాలి. ఇంకా చాలా వీధులు కాగితం మీదే ఉన్నాయి. ఈ హక్కుల్ని ఆ కాగితం మీద రాయించుకోవడానికి ఇదే తగిన సమయం. గ్రామసభల్లో, జిల్లా పరిషత్ సమావేశాల్లో, శాసనసభ్యుల ముందు సీమ ప్రజలు గట్టిగా అడగాల్సింది ఇదే.

(వచ్చే వారం: ఆదోని పత్తి మార్కెట్, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు – సీమ వ్యాపార పట్టణాలు సొంత పెట్టుబడితో ఎలా ఎదిగాయి?)